కాలనీ పక్క సెంటర్‌ను తిరిగి డిజైన్ చేయాలంటే: నెల్లూరు, ఒంగోలు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మినీ బైపాస్, పొదలకూరు రోడ్డు, ఒంగోలులో కర్నూలు రోడ్డు లాంటి పెద్ద రోడ్లలోకి కాలనీ రోడ్లు వచ్చి కలిసే సెంటర్ల గురించి ఈ పేజీ. అర్జీ పెట్టాలనుకునే కాలనీ సంఘాలకు, అపార్ట్‌మెంట్ కమిటీలకు, డివిజన్ కార్పొరేటర్లకు పనికొచ్చేలా రాశాం. లెక్కలు చూపించాల్సిన చోట ఒకే ఉదాహరణ వాడాం: మెయిన్ రోడ్డు ఒక్కో వైపు 7 మీటర్లు, మధ్యలో డివైడర్, రెండు పక్కలా చిన్న కాలనీ రోడ్లు.

రోజూ జామ్ అవుతోంది. రోడ్డు వెడల్పు చేస్తే పోదా?

చాలా సెంటర్లలో పోదు. సెంటర్ దగ్గర మాత్రమే రోడ్డు పెంచితే బండ్లు నాలుగు వరుసల్లో వచ్చి నిలబడతాయి. అవతల రోడ్డు రెండు వరుసలదే కాబట్టి దాటగానే మళ్లీ ఇరుక్కుంటాయి. గరాటు నోరు పెద్దదైనంత మాత్రాన కింద ధార పెరగదు కదా. పైగా నడిచి దాటే మనిషికి దూరం పెరుగుతుంది, ఆ మేరకు సిగ్నల్‌లో ఎక్కువ సెకండ్లు ఇవ్వాలి, అవి బండ్ల పచ్చలైటు నుంచే పోతాయి.

వెడల్పు అడిగే ముందు, ఉన్న వెడల్పులో బండ్లు నిజంగా నడిచేది ఎంతో టేపు పెట్టి కొలవండి. మూల మీద ఆటోలు, తోపుడు బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, మూత ఎత్తుగా ఉన్న మ్యాన్‌హోల్, ఇసుక కుప్ప అన్నీ తీసేసి చూస్తే 7 మీటర్ల రోడ్డులో వాడకంలో ఉన్నది నాలుగు, నాలుగున్నర మీటర్లే అని తేలే అవకాశం ఎక్కువ. ముందు ఆ పోయిన రెండున్నర మీటర్లు తిరిగి సంపాదించాలి. ఇళ్లు, షాపులు కొట్టే మాట ఆ తర్వాతే.

సమస్య ఎక్కడుందో లెక్క తీయడం ఎలా?

బండ్లు లెక్కపెట్టాలి. అది కూడా ఎటు నుంచి ఎటు తిరుగుతున్నాయో విడివిడిగా. నాలుగు రోడ్ల సెంటర్‌లో ఒక్కో రోడ్డు నుంచి నేరుగా, ఎడమకు, కుడికి అని మూడేసి కదలికలు, మొత్తం 12. యూటర్న్‌లు వేరే. ప్రతి 15 నిమిషాలకు ఒక గడి గీసుకుని టూవీలర్, ఆటో, కారు, బస్సు లేదా లారీ, ట్రాక్టర్, సైకిల్ అని వేరుగా గీతలు పెట్టండి. రోడ్డుకు ఇద్దరు చొప్పున మనుషులు కావాలి. అంతమంది దొరక్కపోతే మూలనున్న మేడ మీద నుంచి ఫోన్‌లో వీడియో తీసి, తర్వాత తీరిగ్గా లెక్కపెట్టుకోవచ్చు. తిరిగి చూసుకునే వీలుంటుంది కాబట్టి అదే మేలు కూడా.

ఉదయం 8 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా తప్పనిసరి. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకరోజు తీసుకోండి. పండగ రోజులు, పెళ్లి ముహూర్తాలు, వేసవి సెలవులు వద్దు. నెల్లూరులో రొట్టెల పండుగ రోజుల లెక్కతో సిగ్నల్ టైమింగ్ వేస్తే మిగతా ఏడాదంతా తప్పుతుంది.

అదే సమయంలో ఇంకో రెండు రాసుకోండి. ఒకటి, ఎరుపు పడినప్పుడు క్యూ ఎంత దూరం వెళ్తోంది, ఏ షాపు దాకా. రెండు, పచ్చలైటు ఆరేసరికి ఎన్ని బండ్లు మిగిలిపోయాయి. బండ్ల లెక్క ఇంజినీర్లు మళ్లీ తీయించుకోగలరు. క్యూ ఏ పూట ఎంత పెరుగుతుందో రోజూ చూసేది అక్కడ ఉండేవాళ్లే.

పీసీయూ అంటారు, అదేమిటి?

ప్యాసింజర్ కార్ యూనిట్. రకరకాల బండ్లను ఒకే కొలతలోకి తెచ్చే అంకె. కారు 1. పట్టణ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ ఇచ్చిన పట్టికలో, ఆ రకం బండ్లు మొత్తంలో 10 శాతానికి మించితే టూవీలర్‌కు 0.75, ఆటోకు 2, బస్సు, లారీలకు 3.7, ట్రాక్టర్ ట్రైలర్‌కు 5. ఇవి సాగిపోయే రోడ్డుకు. సిగ్నల్ దగ్గర టూవీలర్లు సందుల్లోంచి ముందుకొచ్చేస్తాయి కాబట్టి అక్కడ వాటికి ఇంకా తక్కువ విలువ వేస్తారు. ఏ పట్టిక వాడారో రిపోర్టులో రాయమని అడగండి. పట్టిక మారితే ఫలితం మారుతుంది.

సిగ్నల్ పెడితే జామ్ తగ్గుతుందా?

కొన్నిచోట్ల తగ్గుతుంది, కొన్నిచోట్ల పెరుగుతుంది. పెట్టకముందే లెక్క వేస్తే తెలిసిపోతుంది.

ఐఆర్‌సీ సూత్రం ప్రకారం ఐదున్నర మీటర్లు దాటిన రోడ్డు, పచ్చలైటు ఆగకుండా ఉంటే గంటకు మీటరు వెడల్పుకు 525 పీసీయూ చొప్పున వదులుతుంది. మన 7 మీటర్ల రోడ్డుకు 3,675. సిగ్నల్ అన్ని దారులకూ ఒకసారి పచ్చ చూపి మళ్లీ మొదటికి వచ్చే కాలాన్ని చక్రం అంటారు. నూరు సెకండ్ల చక్రంలో దానికి 25 సెకండ్ల పచ్చ ఇస్తే గంటకు సుమారు 920 పీసీయూ దాటతాయి. ఇప్పుడు స్టాప్ లైన్ దగ్గర ఎడమ అంచున ఆటోలు ఆగాయనుకోండి. ఆటోలు, ఎక్కే దిగే జనం కలిసి రెండున్నర మీటర్లు తినేస్తే మిగిలేది నాలుగున్నర. ఆ వెడల్పుకు అంకె 2,250. అదే 25 సెకండ్లలో దాటేది 560 చిల్లర. ఆగింది నాలుగు ఆటోలే, పోయింది మూడో వంతుకు పైగా సామర్థ్యం.

చక్రం ఎన్ని సెకండ్లు ఉండాలన్నదానికి వెబ్‌స్టర్ సూత్రం వాడతారు. ఫేజులు, అంటే ఒక్కో దారికి పచ్చ పడే వంతులు, మారేటప్పుడు వృథా అయ్యే సెకండ్ల మొత్తాన్ని ఒకటిన్నరతో గుణించి 5 కలపాలి. దాన్ని, ఒకటిలోంచి రద్దీ నిష్పత్తిని తీసేయగా మిగిలినదానితో భాగించాలి. రద్దీ నిష్పత్తి అంటే, ఒక్కో ఫేజులో ఎక్కువ ఒత్తిడి ఉన్న దారికి వచ్చే పీసీయూను ఆ దారి వదలగలిగిన పీసీయూతో భాగించి, అన్ని ఫేజులవీ కలిపితే వచ్చే అంకె. నాలుగు ఫేజులు, ఫేజుకు 4 సెకండ్ల వృథా అయితే మొత్తం 16. నిష్పత్తి 0.7 ఉంటే చక్రం 97 సెకండ్లు, బాగానే ఉంటుంది. 0.9 అయితే 290 సెకండ్లు. అంతసేపు ఎవరూ ఆగరు, ఎరుపులోనే దూరతారు. సాధారణంగా 120 సెకండ్లు దాటనివ్వకూడదు.

ఆటోల ఉదాహరణ ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. ఆ దారికి గంటకు 900 పీసీయూ వస్తుంటే, నాలుగున్నర మీటర్లకు నిష్పత్తి 0.40, 7 మీటర్లకు 0.25 లోపు. ఒక్క మూల ఖాళీ చేస్తే మొత్తం 0.9 నుంచి 0.75కు దిగి, చక్రం 290 నుంచి 116 సెకండ్లకు వస్తుంది. అందుకే మూలలు ఖాళీ చేయకుండా సిగ్నల్ పెట్టొద్దని గట్టిగా చెబుతాం.

మరి ఆటోలు, బస్సులు ఎక్కడ ఆగాలి?

సెంటర్ దాటాక. దాటకముందు ఆగితే వెనక పచ్చలైటు వృథా. దాటాక కనీసం 40, 50 మీటర్ల అవతల, నడిచే రోడ్డులో కాకుండా పక్కకు లోపలికి తీసిన జాగాలో ఆగాలి. ఆటో స్టాండును సెంటర్ నుంచి మరీ దూరం నెడితే మాత్రం వారం తిరక్కుండా వెనక్కి వచ్చేస్తారు. జనం బస్సు దిగే చోటికే వాళ్లు వస్తారు. బస్సు స్టాపు, ఆటో స్టాండు ఒకేసారి, ఒకే వైపు, పక్కపక్కన మార్చాలి. ఆటో యూనియన్ వాళ్లను మొదటి మీటింగుకే పిలవండి. ఏ వేళ ఎటు గిరాకీ ఉంటుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఫ్రీ లెఫ్ట్ ఉంటే మంచిదే కదా?

ఎరుపు ఉన్నా ఆగకుండా ఎడమకు తిరిగిపోవచ్చు కాబట్టి బండ్లకు మంచిదే. ఆ మూలన నడిచేవాళ్లు దాటేలా ఆ బండ్లకు ఎప్పటికీ ఎరుపు పడదు, అదీ సమస్య. బడి, గుడి, రైతుబజారు ఉన్న మూలన ఫ్రీ లెఫ్ట్ వద్దు. తప్పదంటే ఎడమ దారిని వేరు చేసే తిన్నె కట్టి, ఆ దారి మీద జీబ్రాను రోడ్డు కంటే కాస్త ఎత్తు చేసి, బండి నెమ్మదించి తీరేలా చేయాలి. మూల వంపు వ్యాసార్థం 12 మీటర్లు ఉంటే టూవీలర్ బ్రేకు వేయకుండా తిరిగేస్తుంది. 6 మీటర్లకు తగ్గిస్తే నెమ్మదించక తప్పదు, పాదచారి దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. సిటీ బస్సులు, లారీలు తిరిగే మూలన 6 చాలదు, కొలిచి చూడాలి.

మధ్యలో రౌండుగా సర్కిల్ కడితే? విగ్రహం కూడా పెట్టొచ్చంటున్నారు.

నాలుగు రోడ్ల సెంటర్‌లో బండ్ల దారులు ఒకదానినొకటి తాకే చోట్లు 32. సర్కిల్ ఉంటే అవి 8కి తగ్గుతాయి, ఎదురెదురు ఢీకొట్టుకోవడం దాదాపు పోతుంది. కాబట్టి ఓ మోస్తరు రద్దీ, సరిపడా స్థలం ఉన్న చోట సర్కిల్ మంచి పరిష్కారమే. ఐఆర్‌సీ పాత నిబంధనలు గంటకు అన్ని వైపుల నుంచీ కలిపి 3,000 వాహనాల దాకా సర్కిల్ తట్టుకుంటుందని చెప్పాయి. అంతకు మించితే లోపల తిరిగేవాళ్లే ఒకరికొకరు అడ్డం పడి మొత్తం బిగుసుకుపోతుంది. లోపల ఉన్న బండికి దారిచ్చి, బయటి బండి ఆగాలి. ఆ అలవాటు పడేదాకా కొన్నాళ్లు పోలీసు నిలబడాల్సిందే.

నాలుగడుగుల దిమ్మె కట్టి దాన్ని సర్కిల్ అనడం మాత్రం పనికిరాదు. బండ్లు దాని చుట్టూ తిరగవు, కుడికి వెళ్లేవాళ్లు దిమ్మెకు ఇవతల నుంచే కోసుకుపోతారు. విగ్రహాల సంగతి: రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతులు ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. ఎవరి విగ్రహమైనా సరే, అవతలి బండి కనపడకుండా అడ్డం ఉండకూడదు. ఫ్లెక్సీలకూ ఇదే వర్తిస్తుంది.

డివైడర్ మూసేసి, ముందర యూటర్న్ ఇస్తే?

మెయిన్ రోడ్డు మీద రద్దీ చాలా ఎక్కువై, కాలనీ రోడ్డు నుంచి నేరుగా దాటేవాళ్లు తక్కువైతే ఇది బాగా పనిచేస్తుంది. రెండు జాగ్రత్తలు. యూటర్న్ 150, 200 మీటర్ల లోపే ఉండాలి. అర కిలోమీటరు దూరం పెడితే టూవీలర్లు రాంగ్ రూట్‌లో వస్తాయి, ఆపడం ఎవరి వల్లా కాదు. రెండోది, తిరిగే జాగా. కారుకు గోడ నుంచి గోడకు దాదాపు 10, 11 మీటర్లు కావాలి. మన ఉదాహరణ రోడ్డులో డివైడర్ పక్క వరుస, డివైడర్, అవతలి 7 మీటర్లు కలిపితే కారు తిరిగేంత ఉంటుంది. బస్సుకు 20 మీటర్లకు పైగా కావాలి. అది సగం తిరిగి, వెనక్కి తీసి, మళ్లీ తిరిగేసరికి రెండు వైపులా ఆగిపోతాయి. బస్సులు, స్కూలు బస్సులు, లారీలకు వేరే దారి చూపించాకే డివైడర్ మూయాలి.

డివైడర్ మొదలయ్యే మొన దగ్గర పసుపు నలుపు గుర్తు బోర్డు, రిఫ్లెక్టర్లు, పైన లైటు పెట్టకుండా వదిలేస్తే రాత్రిళ్లు దాన్నే గుద్దుకుంటారు.

పిల్లలు, పెద్దవాళ్లు దాటడానికి ఏం అడగాలి?

నడక వేగం సెకనుకు 1.2 మీటర్లని ఐఆర్‌సీ లెక్క. 14 మీటర్ల రోడ్డుకు 12 సెకండ్లు, అడుగు వేయడానికి ముందు 7, మొత్తం 19. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సెకనుకు 0.8 మీటర్లే నడుస్తుందనుకుంటే దాటడానికే 18 సెకండ్లు కావాలి. అందుకే డివైడర్ మధ్యలో నిలబడే చోటు అడగండి: కనీసం 1.2 మీటర్ల వెడల్పు, వీలైతే 2 మీటర్లు, జీబ్రాకు సమానమైన మట్టంలో. అప్పుడు ఒక్కో విడతకు 7 మీటర్లే.

ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డం లేని జాగా 1.8 మీటర్లు ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే పెద్దవాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. జీబ్రా ఎదురుగా చక్రాల కుర్చీ దిగేలా 1:12 వాలు కావాలి, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు. అరమీటరులో సిమెంటు పూసి వాలు అనిపించేస్తారు. టేపుతో కొలవండి.

వీధి లైటు జీబ్రాకు కాస్త ముందు, బండి వచ్చే వైపు ఉండాలి. జీబ్రా వెనక ఉంటే దాటే మనిషి డ్రైవరుకు నీడలా కనపడతాడు.

స్పీడ్ బ్రేకర్లు వేయించాలా?

మెయిన్ రోడ్డు సిగ్నల్ ముందు వద్దు. కాలనీ రోడ్డు మెయిన్‌లోకి కలిసే చోట వేయించండి. ఐఆర్‌సీ కొలత: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. దాని మీద 25 కిలోమీటర్ల వేగంతో సాఫీగా వెళ్లొచ్చు. అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు సిమెంటు గట్లు నడుములు విరుస్తాయి తప్ప వేగాన్ని సరిగ్గా అదుపు చేయవు. ముందు బోర్డు, మీద తెల్ల గీతలు లేని బ్రేకర్ రాత్రిపూట ప్రాణాంతకం.

టిఫిన్ బండ్లను తీయించేస్తే సగం సమస్య పోదా?

మూల మీద నుంచి జరపాలి, ఊళ్లోంచి కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ద్వారా, 30 రోజుల నోటీసుతోనే చోటు మార్చాలి. పొద్దున్నే దోసెలకు ఆగే టూవీలర్లే అసలు అడ్డం. కాబట్టి మూల నుంచి 20 మీటర్ల అవతల, కాలనీ రోడ్డు వైపు, బండి వెనక స్కూటర్లు ఆపుకునే జాగాతో చోటు చూపిస్తే వ్యాపారమూ నిలుస్తుంది, రోడ్డూ తెరుచుకుంటుంది. డిజైన్ బొమ్మలోనే ఆ జాగా గీయించండి.

గ్రానైట్ ట్రైలర్లు, పోర్టు లారీలు వస్తుంటాయి. వాటి సంగతి?

చీమకుర్తి బండలు మోసే ట్రైలర్, కృష్ణపట్నం వైపు వెళ్లే లారీ తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల కంటే బాగా లోపలికి కోస్తాయి. మూలన నిలబడ్డ టూవీలర్ నలిగేది అక్కడే. అలాంటి బండ్లు తిరిగి తీరాల్సిన మూలన, అంచును చక్రం ఎక్కి దిగేలా తక్కువ ఎత్తులో రాతి పరుపుతో కట్టి, నడిచేవాళ్ల జాగాను దాని వెనక ఉంచాలి. బడి వేళల్లో భారీ వాహనాలను నిషేధించే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఉంది. బైపాస్ దారి ఉన్న చోట అది అడగడమే మేలు.

మెయిన్ రోడ్డు జామ్ అయితే బండ్లన్నీ మా వీధుల్లోకి దూరుతున్నాయి.

సెంటర్ బాగుపడితే సగం తగ్గుతుంది. మిగతాదానికి వీధి మొదట్లో తీసి పెట్టుకునే ఇనుప స్తంభాలు నాటించి, మధ్య 1.2 మీటర్ల సందు వదిలితే టూవీలర్లు, చక్రాల కుర్చీలు వెళ్తాయి, కార్లు వెళ్లవు. ఆ స్తంభాల తాళంచెవి ఫైర్ స్టేషన్‌లోనూ ఉండాలి. కాలనీవాళ్లు సొంతంగా గేటు పెట్టకూడదు, అది కార్పొరేషన్ రోడ్డు.

వానకు సెంటర్‌లో మోకాల్లోతు నీళ్లు. ఇదీ డిజైన్‌లో భాగమేనా?

మన దగ్గర ముఖ్యమైన భాగం ఇదే. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. రోడ్డుకు డివైడర్ నుంచి అంచు దాకా 2 నుంచి 2.5 శాతం వాలు కావాలి. 7 మీటర్లకు అది 14 నుంచి 17 సెంటీమీటర్లు. పాత రోడ్డును చెక్కకుండా మీద మీద తారు వేస్తూ పోతే రెండు మూడు సార్లకే అంచు రాయి మునిగిపోతుంది, ఫుట్‌పాత్ కిందికవుతుంది, నీళ్లు షాపుల్లోకి వెళ్తాయి. అంచనాలో "పాత తారు చెక్కడం" అనే పద్దు ఉందో లేదో చూడండి.

కొత్త తిన్నెలు, ముందుకు జరిపిన మూలలు పాత నీటి దారికి అడ్డం పడతాయి. ఇది తరచూ జరిగే తప్పు. నీళ్లు సైడు కాల్వలోకి దిగే జాలీ జీబ్రాకు ఎగువన ఉండాలి, జీబ్రాలోనో దిగువనో కాదు. జాలీ కడ్డీలు బండి నడిచే దిశకు అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉంటే సైకిల్ చక్రం దిగిపోతుంది.

కరెంటు స్తంభాలు అడ్డం ఉన్నాయి. ఎవరు మారుస్తారు?

విద్యుత్ పంపిణీ సంస్థలు: నెల్లూరులో ఎస్‌పీడీసీఎల్, ఒంగోలులో సీపీడీసీఎల్. రోడ్డు పని చేయించే శాఖ డబ్బు కడితేనే మారుస్తారు. పనులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే: రోడ్డు పూర్తవుతుంది, స్తంభం కొత్త వరుస మధ్యలో మిగులుతుంది. స్తంభాలు, తాగునీటి పైపులు, కేబుళ్లు మార్చే ఖర్చు మొదటి అంచనాలోనే ఉండాలి.

అర్జీ ఎక్కడ పెట్టాలి?

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి: కార్పొరేషనా, ఆర్ అండ్ బీనా, జాతీయ రహదారుల సంస్థా. మెయిన్ రోడ్డు ఒకరిది, కాలనీ రోడ్డు ఇంకొకరిది కావడం మామూలే. ఇద్దరికీ, ట్రాఫిక్ పోలీసులకూ ప్రతులు ఇచ్చి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, దాని అజెండాలో పెట్టమని అడగండి. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల లోపు మూడేళ్లలో మరణాలు, తీవ్ర గాయాలతో కూడిన 5 ప్రమాదాలు జరిగినా, 10 మంది చనిపోయినా అది బ్లాక్‌స్పాట్. అలాంటి చోటయితే ఆ మాట అర్జీ మొదటి వాక్యంలోనే రాయండి.

డ్రాయింగు, అంచనా, సిగ్నల్ టైమింగ్ పట్టిక సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ కూడా తెలుసుకోండి. ప్రమాణాలు పాటించని డిజైన్ వల్ల మరణమో, వైకల్యమో కలిగితే బాధ్యులైన శాఖకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

కట్టకముందే డిజైన్ పనిచేస్తుందో లేదో చూడొచ్చా?

చూడాలి. పోలీసుల అనుమతితో ముగ్గుపిండితో గీతలు గీసి, నీళ్లు నింపిన ప్లాస్టిక్ డ్రమ్ములు, ఇసుక బస్తాలు పెట్టి, రిఫ్లెక్టర్ టేపు చుట్టి రెండు మూడు వారాలు నడిపించండి. రాళ్లు, ఇటుకలు పెట్టొద్దు, రాత్రి ఎవరో ఒకరు పడతారు. మొదటి వారం గందరగోళంగానే ఉంటుంది, దాన్ని చూసి తీర్పు చెప్పొద్దు. తర్వాత అవే వేళల్లో, అవే షాపుల దాకా క్యూ కొలవండి. డ్రమ్ము ఎక్కడ మాటిమాటికీ పక్కకు తోసేసి ఉందో చూస్తే, ఏ మూలన వంపు చాల్లేదో అదే చెబుతుంది.

పని ఏ నెలల్లో చేయించాలి?

లెక్కలు, ట్రయల్ బడులు తెరిచాక జులై, ఆగస్టుల్లో. టెండర్లు వానాకాలంలో. తవ్వకం, తారు, సిమెంటు జనవరి నుంచి మే లోపు. రోహిణి కార్తె ఎండల్లో పోసిన అంచు కాంక్రీటును తడి గోనెపట్టాలతో కప్పి కనీసం వారం నీళ్లు కొట్టకపోతే నెర్రెలిస్తుంది. జీబ్రాకు మామూలు పెయింటు వద్దు, వేడి చేసి పోసే థర్మోప్లాస్టిక్ కావాలి. మందం రెండున్నర మిల్లీమీటర్లు, మీద గాజు పూసలు. తడి రోడ్డు మీదో, దుమ్ము ఊడ్చకుండానో వేస్తే పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది.

పని అయిపోయాక ఏం చూసుకోవాలి?

చివరి బిల్లు కాకముందే ఒకసారి పగలు, ఒకసారి రాత్రి, ఒకసారి వానలో నడిచి చూడండి. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు మట్టానికి ఉన్నాయా, స్టాప్ లైన్ దగ్గర నిలబడితే సిగ్నల్ కనపడుతోందా, చెట్టుకొమ్మ అడ్డమా, కరెంటు పోతే సిగ్నల్‌కు బ్యాటరీ ఉందా. టైమింగ్ పట్టిక ఒకసారి వేసి వదిలేసేది కాదు. ఆర్నెల్లకోసారి, పక్కన కొత్త అపార్ట్‌మెంటో, బడో, ఆసుపత్రో వచ్చినప్పుడు వెంటనే, మళ్లీ లెక్కపెట్టి మార్పించాలి. నష్టబాధ్యత కాలం, అంటే పనిలో లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు, ఎన్నాళ్లో ఒప్పందంలో ఉంటుంది. ఆ గడువు ముగిసే లోపు లేచిన పేవర్ బ్లాకులు, కుంగిన మూలలు ఫొటోలు తీసి తేదీతో రాసి ఇవ్వండి. అప్పుడు కాంట్రాక్టరు ఖర్చుతోనే బాగుచేయించుకోవచ్చు.